నిలబడి చూసే గ్యాలరీ: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ స్టేడియంలో సేఫ్ స్టాండింగ్ ఏర్పాటు చేయడం ఎలా

ఇంగ్లండ్‌లో గోల్‌పోస్ట్ వెనక స్టాండ్ అంటే పాటలు, కేకలు, తొంభై నిమిషాలూ కాళ్ల మీద ఉండే జనం. మొదటి రెండు డివిజన్ల క్లబ్‌లలో 1994 ఆగస్టు నుంచి అక్కడ అందరికీ సీట్లు ఉండాలన్నారు. సీట్లు వచ్చాయి గానీ జనం కూర్చోలేదు. సీట్ల ముందే నిలబడ్డారు, ఉత్సాహం పట్టలేకపోతే వాటి మీదకెక్కారు. గోల్ పడగానే వెనకవాళ్లు ముందుకు తూలితే, ముందు సీటు వీపు సరిగ్గా మోకాలి దగ్గర తగులుతుంది. నడుముకి ఆనుకునే ఆధారం ఉండదు. మనిషి ముందు వరుస మీదకి బోర్లా పడతాడు, అతని బరువుకి ఆ వరుస కూడా తూలుతుంది.

సేఫ్ స్టాండింగ్ ఈ సమస్యకి వచ్చిన జవాబు. ప్రతి వరుసకీ నడుము ఎత్తున ఒక ఇనుప కడ్డీ, ప్రతి మనిషికీ తన చోటు, ఆ చోటుకో నంబరు. ఈ మార్గదర్శి క్లబ్ సేఫ్టీ విభాగంలో పనిచేసేవాళ్లకీ, క్లబ్‌తో చర్చలకి కూర్చునే అభిమాన సంఘాలవాళ్లకీ. నిబంధనలన్నీ ఇంగ్లండ్, వేల్స్‌లవి. సీట్లే ఉండాలన్న నిబంధన స్కాట్లండ్‌కి వర్తించదు.

ఒక మాట ముందే చెప్తాను. చాలా క్లబ్‌లు కడ్డీల కంపెనీని పిలవడంతో ఈ పని మొదలుపెడతాయి. నిజానికి కడ్డీ బిగించడం ఇందులో అన్నిటికంటే తేలికైన పని. ఒక చోటులో ఒక్కరే నిలబడేలా, నడవలు ఖాళీగా ఉండేలా ప్రతి మ్యాచ్‌లోనూ చూసుకోవడమే అసలు కష్టం. కింద చెప్పే అడుగులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

దరఖాస్తుకి ముందు తెలిసి ఉండాల్సిన చరిత్ర

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్. టర్న్‌స్టైల్స్ (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేట్లు) బయట ఒత్తిడి పెరిగిపోవడంతో పోలీసులు ఒక ఎగ్జిట్ గేటు తెరిపించారు. లోపలికి వచ్చినవాళ్లకి ఎదురుగా కనిపించిన సొరంగ మార్గం, అప్పటికే కిక్కిరిసిన మధ్య పెన్‌లలోకి, అంటే కంచెలతో విడదీసిన నిలబడే భాగాల్లోకి, తీసుకెళ్లింది. ఆ దారి మూసి పక్క పెన్‌ల వైపు జనాన్ని మళ్లించినవాళ్లు లేరు. ముందు ఎత్తైన కంచె. ఆ తొక్కిసలాటకి బలైనవారు 97 మంది. 2016లో ఇంక్వెస్ట్ (మరణ విచారణ) జ్యూరీ అప్పటికి చనిపోయిన 96 మందివీ చట్టవిరుద్ధ మరణాలుగా తేల్చింది, అభిమానుల ప్రవర్తన కారణం కాదని స్పష్టంగా చెప్పింది.

ఈ ఘటన మీద విచారణ జరిపిన లార్డ్ జస్టిస్ టేలర్ తుది నివేదిక 1990 జనవరిలో వచ్చింది. అది పెద్ద స్టేడియాలన్నిటిలో సీట్లే ఉండాలని సిఫారసు చేసింది. నిలబడటం దానంతట అదే ప్రమాదకరం కాదని అదే నివేదికలో ఉంది. ఈ రెండో విషయాన్ని చాలామంది మరిచిపోతారు. జనాన్ని చంపింది ఇరుకు. ఎవరు ఎటు వెళ్తున్నారో లెక్క లేకపోవడం, బయటపడే దారి లేకపోవడం ఆ ఇరుకుని అంత ఘోరంగా మార్చాయి. మీ ప్రతిపాదనలో ప్రతి పేజీ ఈ మూడింటికీ జవాబు చెప్పాలి.

తర్వాతి కథ క్లుప్తంగా. 2016లో స్కాట్లండ్‌లో, గ్లాస్గోలోని సెల్టిక్ పార్క్ స్టేడియం రెయిల్ సీట్లు (వెనక కడ్డీ ఉన్న మడత సీట్లు) పెట్టింది. 2018లో ఇంగ్లండ్‌లో ష్రూస్‌బరీ టౌన్ ఆ పని చేసింది. మూడో డివిజన్ క్లబ్ కాబట్టి దానికి నిషేధం అడ్డు రాలేదు, డబ్బులో కొంత అభిమానుల చందాలే. అదే ఏడాది వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ అడిగితే ప్రభుత్వం కాదంది. 2022 జనవరిలో చెల్సీ, మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్, టాటెన్‌హామ్, కార్డిఫ్ సిటీ క్లబ్‌లకి ప్రయోగాత్మకంగా అనుమతి దొరికింది. జనవరి 2న స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో జరిగిన చెల్సీ, లివర్‌పూల్ మ్యాచ్ మొదటిది. ఫలితాలు చూశాక ఆ వేసవిలో మొదటి రెండు డివిజన్లయిన ప్రీమియర్ లీగ్, చాంపియన్‌షిప్ క్లబ్‌లన్నిటికీ, షరతులు పాటిస్తే, తలుపు తెరిచారు.

మొదటి అడుగు: ఇప్పుడు ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో లెక్క తీయండి

స్టాండ్ ప్లాన్ ఒకటి పెద్ద కాగితం మీద ముద్రించండి. పెద్ద ప్రత్యర్థితో మ్యాచ్, వారం మధ్యలో చలి రాత్రి మ్యాచ్, కప్పులో చిన్న జట్టుతో మ్యాచ్: ఇలా రకరకాల మ్యాచ్‌లలో బ్లాక్ వారీగా సీసీటీవీ చూసి, ఎన్ని వరుసలు నిలబడి ఉన్నాయో రాయండి. గోల్ పడిన క్షణాన్ని మాత్రమే చూస్తే లాభం లేదు, అప్పుడు అందరూ లేస్తారు. ఆట మందకొడిగా సాగుతున్నప్పుడు కూడా ఎవరు కూర్చోవడం లేదో వాళ్లే మీకు కావాల్సినవాళ్లు.

దాని మీదే ఇంకో మూడు విషయాలు రంగులతో గుర్తించండి: ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్‌లో మోకాలి కింద దెబ్బలు ఎక్కడివి, విరిగిన సీట్లు ఎక్కడివి, ‘ముందువాళ్లు నిలబడితే నాకేమీ కనబడలేదు’ అనే ఫిర్యాదులు ఎక్కడి నుంచి వస్తున్నాయి. మొదటి రెండూ కలిసేచోట కడ్డీ అవసరం ఉంది. మూడోది ఎక్కువగా ఉన్నచోట కూర్చోవాలనుకునేవాళ్లు ఇరుక్కుపోయి ఉన్నారు, వాళ్లకి వేరే చోటు వెతకాలి.

అభిమానుల సర్వే కూడా చేయండి, కానీ ‘మీకు నిలబడటం ఇష్టమా?’ అని అడిగి ఊరుకుంటే అది ఓట్ల లెక్కింపులా తయారవుతుంది. ఉపయోగపడే ప్రశ్న వేరు: ‘మీ బ్లాక్‌ని స్టాండింగ్‌గా మారిస్తే అక్కడే ఉంటారా, మారతారా, మారితే ఎక్కడికి?’ ఏళ్ల తరబడి ఒకే సీజన్ టికెట్ సీటుకి అలవాటుపడిన పెద్దవయసు వాళ్ల జవాబులు విడిగా తీసి చదవండి. రేపు మీ ఆఫీసుకి ఫోన్ చేసేది వాళ్లే.

రెండో అడుగు: బ్లాక్ ఎంచుకోవడం, చూపు రేఖ లెక్క

సాధారణంగా గోల్ వెనక కింది అంతస్తే తగిన చోటు. పై అంతస్తు అసాధ్యమని కాదు గానీ, వాలు నిటారుగా ఉంటుంది, నిర్మాణం ఎక్కువగా ఊగుతుంది, లెక్కలు పెరుగుతాయి. ఇప్పటికే నిలబడేవాళ్లు అక్కడ పాతుకుపోయి ఉంటే మాత్రం పై అంతస్తుకే కడ్డీ ఎక్కువ అవసరం. వాలు నిటారుగా ఉన్నచోట ముందుకి పడటం మరింత ప్రమాదం.

ఇక చూపు రేఖ. ఇక్కడ చాలా ప్రతిపాదనలు తడబడతాయి. ముందు మనిషి కంటి ఎత్తు మీదుగా వెనక మనిషి చూపు ఎంత పైనుంచి వెళ్తుందో చెప్పే కొలతని సి-విలువ అంటారు. 120 మిల్లీమీటర్లు ఉంటే హాయిగా కనిపిస్తుంది, 90 ఉంటే బాగానే ఉంటుంది, 60 కింద మెడ అటూ ఇటూ తిప్పాల్సిందే. లెక్క ఇలా చేయండి. ముందు మనిషి కంటికీ, పిచ్ మీద చూడాల్సిన బిందువుకీ మధ్య అడ్డంగా ఉన్న దూరం తీసుకోండి. ఆ కన్ను పిచ్ నుంచి ఎంత ఎత్తులో ఉందో దానికి ఒక మెట్టు ఎత్తు కలపండి. ఈ రెండింటినీ గుణించి, దూరానికి వరుస వెడల్పు కలిపిన మొత్తంతో భాగించండి. వచ్చినదాంట్లోంచి ముందు మనిషి కంటి ఎత్తు తీసేయండి.

అంకెలతో చూద్దాం. దూరం 20 మీటర్లు, ముందు మనిషి కన్ను 7 మీటర్ల ఎత్తు, మెట్టు 40 సెంటీమీటర్లు, వరుస వెడల్పు 80 సెంటీమీటర్లు. 20ని 7.4తో గుణిస్తే 148, దాన్ని 20.8తో భాగిస్తే సుమారు 7.115, ఏడు తీసేస్తే 115 మిల్లీమీటర్లు. మంచి సీటు. ఇప్పుడు అందరూ లేచి నిలబడ్డారనుకోండి, అందరి కళ్లూ 45 సెంటీమీటర్లు పైకి వెళ్లాయి. ‘అందరూ సమానంగా లేచారు కదా, తేడా ఏముంటుంది?’ అనిపిస్తుంది. లెక్క వేస్తే 98 మిల్లీమీటర్లకి పడిపోయింది. ఇక్కడ ఇబ్బంది లేదు. కానీ కూర్చున్నప్పుడే 70 దగ్గర ఉన్న వరుసలు ఈ తగ్గుదలతో 60 కిందకి జారొచ్చు. పిచ్‌కి దగ్గరి వరుసల్లో ఈ తగ్గుదల ఎక్కువ. కాబట్టి మొత్తం బ్లాక్‌కి ఒకే సగటు రాసి వదిలేయకుండా, వరుస వరుసకీ రెండు అంకెలు ఇవ్వండి.

ఈ లెక్క అందరూ ఒకే ఎత్తు అనుకుంటుంది. పన్నెండేళ్ల పిల్లాడి ముందు ఆరడుగుల మనిషి నిలబడితే ఏ సి-విలువా కాపాడదు. అందుకే స్టాండింగ్ బ్లాక్‌ని ఫ్యామిలీ స్టాండ్ పక్కన పెట్టొద్దు.

చక్రాల కుర్చీ చోట్లు స్టాండింగ్ బ్లాక్ వెనకో పక్కనో ఉంటే మొదటి రోజే చూడండి. నిలబడిన మనిషి తల 1.75 మీటర్ల ఎత్తులో, కుర్చీలో ఉన్నవారి కన్ను 1.15 మీటర్ల దగ్గర ఉందనుకుంటే, ముందు ఆ 60 సెంటీమీటర్లు పూడ్చాలి, ఆ తర్వాతే మామూలు చూపు రేఖకి కావలసిన ఎత్తు. వేదిక ఎత్తు పెంచలేకపోతే బ్లాక్ మార్చండి. ఇతరుల చూపుకి, ముఖ్యంగా వికలాంగుల చూపుకి అడ్డం రాకూడదనేది అనుమతి షరతుల్లోనే ఉంది. నన్నడిగితే షరతు లేకపోయినా చేయాల్సిన పనే అది.

మూడో అడుగు: ఏ రకం కడ్డీ

రెండు దారులున్నాయి. ఒకటి రెయిల్ సీటు: మడతపడే సీటూ, దాని వెనక కడ్డీ ఒకే చట్రంలో ఉంటాయి. ఒక వరుస సీట్ల కడ్డీ వెనక వరుసవాళ్లకి ఆనుకునే ఆధారం. కాబట్టి అన్నిటికంటే ముందు వరుసవాళ్లకి ఎదురుగా ఏ సీటూ ఉండదు, వాళ్లకి విడిగా కడ్డీ వేయాలని గుర్తుంచుకోండి. రెండోది విడి కడ్డీ: ఉన్న సీట్లు అలాగే ఉంచి, ప్రతి వరుసకీ వేరుగా కడ్డీ పాతడం. ఖర్చు, పని రెండూ తక్కువ, కానీ కడ్డీ కాళ్లు నడిచే జాగా తింటాయి.

ఆ జాగానే కొలవండి. సీటు మడిచాక వరుసలో మనిషి నడవడానికి మిగిలే ఖాళీ కొత్త నిర్మాణాల్లో 400 మిల్లీమీటర్లు ఉండాలని ‘గ్రీన్ గైడ్’ చెబుతుంది, పాత స్టాండ్లలో 305 వరకు ఒప్పుకుంటుంది. స్టేడియం భద్రతకి ఇంగ్లండ్‌లో అందరూ చేతిలో పట్టుకు తిరిగే పుస్తకం ఇది. 1973లో మొదటి కూర్పు, 2018లో ఆరోది వచ్చాయి. పాత స్టాండ్లలో చాలాసార్లు రెయిల్ సీటే నెగ్గుతుంది, ఎందుకంటే దాని సీటు మడిస్తే చట్రంలో సన్నగా ఇమిడిపోతుంది.

జర్మనీలో డోర్ట్‌మండ్ దక్షిణ స్టాండ్ ఫొటోలు చూపించి ‘మాకూ అలాంటిదే కావాలి’ అనేవాళ్లు ప్రతి సమావేశంలోనూ ఉంటారు. అక్కడ దాదాపు 25,000 మంది నిలబడతారు, లీగ్ మ్యాచ్‌లకి సీట్లుండవు. ఇంగ్లండ్ మొదటి రెండు డివిజన్లలో ఆ పద్ధతికి అనుమతి లేదు. ఇక్కడ ఒక సీటుకి ఒక మనిషి, అంతే. సామర్థ్యం పెరిగి టికెట్ల ఆదాయం పెరుగుతుందనే ఆశ క్లబ్ డైరెక్టర్లలో ఉంటే ఈ దశలోనే తుంచేయండి.

నాలుగో అడుగు: ఇంజనీరు చేతికి ఇవ్వండి

కడ్డీ మీద పడే ఒత్తిడి ఎక్కడికి పోతుంది? బోల్టుల ద్వారా కాంక్రీటు మెట్టులోకి. పాత స్టాండ్లలో ఆ మెట్లు ముందే పోతపోసి తెచ్చి అమర్చిన సన్నని పలకలు. సీటు కోసం వేసిన రంధ్రం సీటు బరువుకి సరిపోయింది, వరుస మొత్తం ఒక్కసారి ఆనుకుంటే వచ్చే తోపుకి సరిపోకపోవచ్చు. అందుకని:

- డ్రిల్లింగ్‌కి ముందు లోపలి ఇనుప చువ్వలు ఎక్కడున్నాయో స్కాన్ చేయించండి. చువ్వని కోసేస్తే తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.
- ఒక చిన్న ముక్క, రెండు మూడు వరుసలు, ముందు బిగించి లోడ్ టెస్ట్ చేయించండి. రిపోర్టు చేతికి వచ్చాకే మిగతా ఆర్డర్.
- స్టాండ్ కింద కాంకోర్స్ (జనం తిరిగే వరండా), కిచెన్, కరెంటు గదులు ఉంటే రంధ్రాలకి వాటర్‌ప్రూఫింగ్ ఎవరి బాధ్యతో కాంట్రాక్టులో రాయించండి. మొదటి చలికాలం వర్షాలకి ఈ ప్రశ్న తప్పక వస్తుంది.
- పాట తాళానికి వేలమంది ఒకేసారి గెంతితే నిర్మాణం ఎలా స్పందిస్తుందో లెక్క వేయించండి, మరీ ముఖ్యంగా ముందుకి పొడుచుకొచ్చిన పై అంతస్తుకి. జనం గెంతే వేగం సెకనుకి సుమారు రెండుసార్లు. నిర్మాణం సహజంగా ఊగే వేగం దానికి దగ్గరగా ఉండకూడదు.

పని వేసవి విరామంలోనే ముగించాలి. సీజన్ మధ్యలో సగం స్టాండ్ మూసుకుని పని చేయడం కుదురుతుంది గానీ టికెట్ ఆఫీసుకి నరకం.

అయిదో అడుగు: సామర్థ్యం, బయటపడే దారి

మనిషికో సీటు కాబట్టి సామర్థ్యం మారదని దీన్ని దాటేయకండి. గ్రీన్ గైడ్ ప్రకారం ఒక భాగం సామర్థ్యాన్ని నాలుగు వైపుల నుంచి లెక్కిస్తారు: ఎంతమంది పడతారు, ఎంతమంది లోపలికి రాగలరు, ఎంతమంది మామూలుగా బయటికి పోగలరు, ఎమర్జెన్సీలో ఎంతమంది ఖాళీ చేయగలరు. వీటిలో ఏది తక్కువైతే అదే మీ సామర్థ్యం. నిర్మాణం స్థితికి ఒకటి, భద్రతా నిర్వహణకి ఒకటి, సున్నా నుంచి ఒకటి వరకు గుణకాలు కూడా ఉంటాయి. నిర్వహణ గుణకం తగ్గితే సీట్లు ఎన్నున్నా అమ్మే టికెట్లు తగ్గుతాయి. స్టాండింగ్ బ్లాక్‌లో నడవలు జనంతో నిండిపోతుంటే ఇన్‌స్పెక్టర్ కన్ను పడేది ఆ గుణకం మీదే.

కడ్డీల వల్ల వచ్చే ఒక మార్పుని చాలామంది ఊహించరు. మామూలు సీట్ల మీదుగా కాలు వేసి ముందు వరుసలోకి దిగొచ్చు. కడ్డీలున్నచోట అది కుదరదు, అందరూ పక్కకి నడిచి నడవలోకే రావాలి. మామూలు రోజుల్లో ఇది మంచిదే, జనం వరుసగా వెళ్తారు. ఎమర్జెన్సీలో మాత్రం నడవే ఏకైక దారి. వరుసకి రెండువైపులా నడవ ఉంటే 28 సీట్లు, ఒకవైపే ఉంటే 14 సీట్లు అనే పరిమితి మీ బ్లాక్‌లో నిజంగా ఉందో లేదో టేపు పట్టుకుని లెక్కపెట్టండి. మ్యాచ్ అయ్యాక ఎనిమిది నిమిషాల్లో అందరూ స్వేచ్ఛగా కదిలే చోటికి చేరాలనే ప్రమాణాన్ని కొత్త అమరికతో మళ్లీ సరిచూసుకోండి.

ఆరో అడుగు: అనుమతులు

రెండు అధికారాలు ఉన్నాయి, కలిపేసుకోవద్దు. స్థానిక కౌన్సిల్ 1975 నాటి చట్టం కింద సేఫ్టీ సర్టిఫికెట్ ఇస్తుంది. స్పోర్ట్స్ గ్రౌండ్స్ సేఫ్టీ అథారిటీ 1989 నాటి చట్టం కింద ప్రేక్షకుల్ని అనుమతించే లైసెన్సు ఇస్తుంది. స్టాండింగ్‌కి లైసెన్సు మార్పు ఈ అథారిటీ చేతిలో ఉంది. కౌన్సిల్ దగ్గర సేఫ్టీ అడ్వైజరీ గ్రూప్ ఉంటుంది, అందులో పోలీస్, ఫైర్, అంబులెన్స్, బిల్డింగ్ కంట్రోల్ అందరూ కూర్చుంటారు. ముందు వాళ్లతో మాట్లాడండి. డిజైన్ పూర్తయ్యాక చూపిస్తే అభ్యంతరాలు వస్తాయి, గీతలు గీస్తున్నప్పుడే చూపిస్తే సలహాలు వస్తాయి.

2022లో పెట్టిన షరతులు గట్టివే, అర్థవంతమైనవే. సీట్లని పైకి గానీ కిందకి గానీ తాళం వేయకూడదు, కూర్చోవాలనుకున్నవారు కూర్చోగలగాలి. ఒక చోటుకి ఒక్కరే. సొంత అభిమానులకీ, బయటి ఊరి అభిమానులకీ రెండువైపులా స్టాండింగ్ ఉండాలి. బ్లాక్ మొత్తం సీసీటీవీలో కనబడాలి. అభిమానులకి ప్రవర్తనా నియమావళి, స్టీవార్డులకి (స్టాండ్‌లో జనాన్ని చూసుకునే సిబ్బందికి) ప్రత్యేక శిక్షణ, బ్రీఫింగ్ ఉండాలి. సేఫ్టీ అడ్వైజరీ గ్రూప్‌ని సంప్రదించి ఉండాలి.

వీటిలో క్లబ్‌లు ఎక్కువగా సణిగేది బయటి ఊరి అభిమానుల విషయమే. ‘మన డబ్బుతో వాళ్లకెందుకు?’ అంటారు. కానీ స్టాండ్‌లో అందరికంటే ఎక్కువసేపు నిలబడేది, అందరికంటే కిక్కిరిసి ఉండేది ఆ మూలే. మీ ఫస్ట్ ఎయిడ్ లెక్కలు కూడా అదే చెప్తాయి.

కొంతమంది అభిమానులు కడ్డీ మీద గ్లాసు పెట్టుకుని బీరు తాగొచ్చనుకుంటారు. 1985 నాటి చట్టం ప్రకారం పిచ్ కనబడేచోట మద్యం తాగకూడదు. సేఫ్ స్టాండింగ్ దాన్ని మార్చలేదు. సమావేశంలో ముందే చెప్పేయండి.

ఏడో అడుగు: టికెట్లు, మాటామంతీ

చోటు మారాల్సినవాళ్లకి ముందుగా ఎంచుకునే అవకాశం ఇవ్వండి, అదే ధరలో, వీలైతే అదే స్టాండ్‌లో. ఉత్తరం పంపి చేతులు దులుపుకోకుండా, ఒక రోజు వాళ్లని స్టేడియంకి పిలిచి ఖాళీ సీట్లలో కూర్చోబెట్టి చూపించండి.

అసలు టెన్షన్ ఇక్కడుంది: స్టాండింగ్ బ్లాక్ బాగుంటే పక్క బ్లాకుల్లో స్నేహితులు కూడా అక్కడికే జారుకుంటారు. నూరు మందికి ఉన్న చోట్లో నూట ఇరవై మంది చేరితే కడ్డీలు ఏమీ చేయలేవు, మిగిలినవాళ్లు నడవల్లోనే నిలబడతారు. దీనికి మందు ఒక్కటి కాదు. టికెట్ అమ్మేటప్పుడే స్నేహితుల గుంపులు కలిసి కొనుక్కునేలా వీలు కల్పించండి. బ్లాక్‌లోకి దిగే ప్రతి మెట్ల దారి దగ్గరా టికెట్ చూసే మనిషిని పెట్టండి, హాఫ్‌టైమ్ అయ్యాక కూడా. ఇతరులకి ఇచ్చేందుకు టికెట్ మార్పిడి ఫోన్‌లో సులువుగా అయ్యేలా చూడండి, లేకపోతే జనం దొంగదారి వెతుకుతారు. కడ్డీ మీద, నేల మీద చోటు నంబర్లు పెద్దగా రాయండి. చీకట్లో సీటు వెనకున్న చిన్న నంబరు ఎవరికీ కనబడదు.

ప్రవర్తనా నియమావళి పొడుగైతే ఎవరూ చదవరు. నీ చోట్లో నువ్వే నిలబడు, కడ్డీ ఎక్కకు, సీటు ఎక్కకు, నడవ వదులు, పిల్లల్ని కడ్డీ మీద కూర్చోబెట్టకు. ఇంతే రాసి టికెట్ కొనేచోటే ఒప్పుకోమనండి.

ఎనిమిదో అడుగు: స్టీవార్డులు, కంట్రోల్ రూమ్

ఇన్నాళ్లూ ఈ బ్లాక్‌లో స్టీవార్డు పని ‘కూర్చోండి సార్’ అని గొంతు చించుకోవడం, ఎవరూ వినకపోవడం. ఇప్పుడు ఆ గొడవ పోయింది. అతని కళ్లు నడవ మీద ఉండాలి. శిక్షణలో ఈ మార్పు గట్టిగా చెప్పండి, లేకపోతే పాత అలవాటుగా మనుషుల్ని కూర్చోబెట్టే పనిలోనే ఉంటారు. వరుస మధ్యలో ఎవరైనా స్పృహతప్పితే కడ్డీల మధ్య నుంచి ఎలా బయటికి తేవాలో స్ట్రెచర్‌తో సహా ఖాళీ స్టేడియంలో ప్రాక్టీసు చేయించండి. ముందుకి ఎత్తి దించే పాత పద్ధతి ఇక కుదరదు.

కంట్రోల్ రూమ్‌కి ఇందులో లాభం ఉంది. కడ్డీలు జనాన్ని సరళరేఖల్లో ఉంచుతాయి కాబట్టి, ఎక్కడ ఎక్కువమంది చేరారో కెమెరాలో వెంటనే తెలుస్తుంది. అథారిటీ చేయించిన పరిశీలనలో కూడా ఇదే తేలింది: గోల్ సంబరాలు ముందుకీ వెనక్కీ తోసుకోకుండా జరిగాయి, కిక్కిరిసిన చోటు గుర్తించడం సులువైంది. అయితే కడ్డీలూ జెండాలూ కెమెరాకి అడ్డం రాకుండా యాంగిల్స్ మళ్లీ సరిచేయించాలి. పెద్ద జెండా పరిచే బృందాలతో ఎంతసేపు పరచొచ్చో ముందే మాట్లాడుకోండి.

తొమ్మిదో అడుగు: మొదటి మ్యాచ్, ఆ తర్వాత

మొదటి మ్యాచ్‌కి నగరంలోని ప్రత్యర్థి జట్టుని ఎంచుకోకండి. వీలైతే తక్కువ జనంతో ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెట్టి, సగం టికెట్లే అమ్మి చూడండి. మ్యాచ్ రోజు పొద్దున్నే ప్రతి కడ్డీనీ చేత్తో ఊపి చూసే మనిషి ఉండాలి, సంతకంతో సహా. ఏడాదికోసారి కడ్డీల పూర్తి తనిఖీ ఎలాగూ ఉంటుంది, కానీ వదులైన బోల్టు ఏడాది ఆగదు.

యూరప్ మ్యాచ్‌లకి విడిగా చూసుకోవాలి. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ చాలాకాలం తన పోటీల్లో సీట్లే ఉండాలంది. 2022-23 నుంచి ఇంగ్లండ్, జర్మనీ, ఫ్రాన్స్‌లలో స్టాండింగ్‌ని ప్రయోగంగా అనుమతించింది. మీ క్లబ్ యూరప్‌కి అర్హత సాధిస్తే ఆ ఏడాది నిబంధనలు చదివి, టికెట్ల అమ్మకానికి ముందే బ్లాక్ ఎలా వాడతారో తేల్చుకోండి.

సీజన్ గడుస్తున్నకొద్దీ మొదటి అడుగులో గీసిన ప్లాన్ మళ్లీ బయటికి తీసి, అవే లెక్కలు అవే రంగులతో వేయండి. చూడాల్సింది స్టాండింగ్ బ్లాక్ ఒక్కదాన్నే కాదు. నిలబడేవాళ్లకి చోటు ఇచ్చారు కాబట్టి మిగతాచోట్ల జనం కూర్చుంటున్నారా? చాలాసార్లు పక్క రెండు బ్లాకులు కూడా నిలబడటం మొదలుపెడతాయి, ఎందుకంటే పాట అక్కడి నుంచే వస్తోంది. అలా జరిగితే రెండు దారులే ఉన్నాయి: అక్కడ కూడా కడ్డీలు వేయడం, లేదా స్టీవార్డులతో గట్టిగా కూర్చోబెట్టడం. రెండోది ఇరవై ఏళ్లకి పైగా ప్రయత్నించి ఓడిపోయిన దారి. అందుకే మొదటి కాంట్రాక్టులోనే విస్తరణకి ధర రాయించుకోండి. తయారీదారు కూడా అప్పటికి అదే డిజైన్ కడ్డీ సరఫరా చేయగలనని హామీ ఇవ్వాలి.